9 ఓట్ల తేడా, హద్దు లేని విరాళం

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్న మా పాత హాస్టల్ పిల్లలూ, మిమ్మల్ని చూశాం, హాజరు పడింది.

సంఘం వాళ్ళు ఫోన్ చేసి "మేడం, ఓటు గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఓటు గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. పోలింగ్ ముందు రోజు రాత్రి మీ వీధిలోకి వచ్చేవాళ్ళు కూడా ఓటు గురించే చెబుతారు. అందుకని మేము ఓటు పక్కనే ఉండే ఇంకో సంగతి మాట్లాడదామని వచ్చాం. పార్టీలకు అందే విరాళాల సంగతి. ముందు మా హాస్టల్లో జరిగినది చెబుతాం.

మా దగ్గర ఏటా పిల్లలే ఫుడ్ కమిటీ లీడర్‌ని ఎన్నుకుంటారు. చీటీల మీద పేరు రాసి బియ్యం కొలిచే డబ్బాలో వేస్తారు. ఒక ఏడు ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు పోటీకి నిలబడ్డారు. అందులో ఒకమ్మాయి మేనమామకు సంతలో మిఠాయి కొట్టుంది. ఎన్నికకు ముందు ఆదివారం ఆయన ఒక అట్టపెట్టె నిండా కారప్పూస, బెల్లం జీళ్ళు పంపించాడు. "పిల్లలు తింటారని" అన్నాడు. మేమూ ఏమీ అనలేదు, మేమూ తిన్నాం. ఆ అమ్మాయి ఒక్క ఓటు తేడాతో గెలిచింది. ఓడిన పిల్ల మళ్ళీ లెక్కపెట్టమంది. మూడుసార్లు లెక్కపెట్టాం. అదే ఒక్క ఓటు.

రెండు నెలల తర్వాత పిల్లలంతా చందాలు వేసుకుని పిక్నిక్‌కి తినుబండారాలు కొనాలనుకున్నారు. లీడర్ మేనమామ కొట్టు పేరే చెప్పింది. పక్క కొట్లో కిలోకి 20 రూపాయలు తక్కువని అందరికీ తెలుసు. మేము పిలిచి అడిగితే ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "మామయ్య పంపించాడు కదా మేడం, ఇప్పుడు కాదని ఎలా అనను?" అంది. ఆ పిల్ల చెడ్డది కాదు. మేనమామా చెడ్డవాడు కాదు. ఆ అట్టపెట్టెను గేటు లోపలికి రానిచ్చింది మేము. ఆ మరుసటి ఏడు నుంచి ఎన్నిక వారంలో బయటి తిండి ఏదీ గేటు దాటకూడదని రూలు పెట్టుకున్నాం.

ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాం. కెనడా దేశానికి పడమటి కొసన, పసిఫిక్ సముద్రం ఒడ్డున బ్రిటిష్ కొలంబియా అనే ప్రావిన్సు ఉంది. మనకు రాష్ట్రం ఎలాగో వాళ్ళకు ప్రావిన్సు అలాగ. అక్కడి శాసనసభ్యులను కూడా ఎమ్మెల్యేలనే అంటారు. అంత దూరం ఎందుకంటారా? ఇక్కడి పార్టీ పేరు ఒక్కటి ఎత్తితే ఈ షామియానా కింద సగం మందికి తమ జెండా గుర్తొస్తుంది, ఆ తర్వాత మా మాట వినిపించదు. ఇంకో కారణం, అది ఆదివాసుల నేల. అక్కడ వాళ్ళను ఫస్ట్ నేషన్స్ అంటారు, మొదటి జాతులని అర్థం. దాదాపు 200 జాతులున్నాయి. ఆ ప్రావిన్సులో చాలా భాగం భూమిని వాళ్ళతో ఏ ఒప్పందమూ చేసుకోకుండానే తీసేసుకున్నారు. ప్రావిన్సు ఎన్నికల్లో వాళ్ళకు ఓటు వచ్చింది 1949లో. ఇక్కడ మన రాజ్యాంగం ఆమోదం పొందిన ఏడు కూడా అదే. ఆ ఏడే నిస్గా జాతికి చెందిన ఫ్రాంక్ కాల్డర్ గెలిచి అక్కడి శాసనసభలో అడుగుపెట్టాడు.

2017 మే 9న అక్కడ ఎన్నిక జరిగింది. మొత్తం 87 సీట్లు, మెజారిటీకి 44 కావాలి. 16 ఏళ్ళుగా అధికారంలో ఉన్న లిబరల్ పార్టీకి 43 వచ్చాయి. న్యూ డెమోక్రటిక్ పార్టీకి, అంటే ఎన్డీపీకి 41. గ్రీన్ పార్టీకి 3. ఓట్లు చూస్తే రెండు పెద్ద పార్టీలకూ 40 శాతం చిల్లర. ఇద్దరి మధ్య తేడా ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. కోర్టనీ-కోమాక్స్ అనే నియోజకవర్గంలో ఆ రాత్రి లెక్కింపు ఆగేసరికి ఎన్డీపీ అభ్యర్థికి 9 ఓట్ల ఆధిక్యం. 9 మందంటే మా హాస్టల్లో ఒక గదిలో పడుకునే పిల్లలకన్నా తక్కువ. ఆ 9 అటు తిరిగితే లిబరల్స్‌కు 44, ప్రభుత్వం వాళ్ళదే. సొంత పోలింగ్ కేంద్రంలో కాకుండా వేరే చోట, వేరే పద్ధతుల్లో వేసిన ఓట్లను రెండు వారాల తర్వాత లెక్కపెట్టారు. 9 కాస్తా 189 అయింది.

మా బీఎడ్ రోజుల్లో అయితే ఇక్కడ పాఠం ఆపేసి, బోర్డు మీద "ప్రతి ఓటూ విలువైనదే" అని రాసి కింద గీత గీసేవాళ్ళం. ఆ మాట నిజమే. కానీ అది సగం పాఠం.

అప్పట్లో బ్రిటిష్ కొలంబియాలో పార్టీకిచ్చే విరాళానికి హద్దు లేదు. కంపెనీ ఇవ్వొచ్చు, యూనియన్ ఇవ్వొచ్చు, ఆ ప్రావిన్సులో ఓటే లేనివాడు, కెనడాలోనే ఉండనివాడు కూడా ఇవ్వొచ్చు. ఎంతైనా ఇవ్వొచ్చు. ఎన్నిక ముందు ఏడు, 2016లో, లిబరల్ పార్టీకి 1 కోటి 20 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. మన డబ్బుల్లో 60 కోట్ల పైమాట. ఎన్డీపీకి సుమారు అందులో సగం. ముఖ్యమంత్రిని అక్కడ ప్రీమియర్ అంటారు. ప్రీమియర్ క్రిస్టీ క్లార్క్‌తో కూర్చుని భోంచేసే విందుకు టికెట్టు వేల డాలర్లు. ప్రభుత్వ జీతం కాక ఆమె తన పార్టీ నుంచి ఏటా 50 వేల డాలర్ల దాకా భత్యం తీసుకునేది. గొడవ పెద్దదయ్యాక 2017 జనవరిలో ఇక తీసుకోనంది. ఆ నెలలోనే న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాజకీయ డబ్బు విషయంలో ఆ ప్రావిన్సుకు ‘వైల్డ్ వెస్ట్’ అని పేరు పెట్టింది. అడిగేవాడు లేని చోటని దాని అర్థం.

ఎన్డీపీ శుద్ధంగా ఉందనుకోకండి. వాళ్ళ ప్రచారం నడిపిన పెద్ద ఉద్యోగులకు జీతాలిచ్చింది ఉక్కు కార్మికుల యూనియన్. రూలు మారేదాకా మేమూ తీసుకుంటామన్నట్టు నడిచారు. 2016 సెప్టెంబరులోనే కంపెనీల డబ్బు, యూనియన్ల డబ్బు వద్దన్నది గ్రీన్ పార్టీ.

ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ విరాళాల్లో చాలావరకు దొంగచాటు లేదు. పార్టీలు లెక్క చూపించాయి, ఎన్నికల కార్యాలయం ఆ జాబితాలు అందరికీ కనబడేట్టు పెట్టింది. మా హాస్టల్‌కు ఎవరైనా పది స్టీలు పళ్ళాలు ఇచ్చినా స్టాక్ రిజిస్టర్లో రాస్తాం: ఎవరిచ్చారు, ఏ తేదీ, ఎన్ని. రాస్తే పారదర్శకం అయిపోయినట్టే అని చాలా ఏళ్ళు మేమూ అనుకున్నాం. ఆ మిఠాయి పెట్టెను కూడా రాశాం, చూడాలంటే రిజిస్టర్ ఉంది. అయినా ఆ పిల్ల నోరు కట్టుకుపోయింది కదా! రాయడం ఒకటి, హద్దు పెట్టడం ఇంకొకటి.

బ్రిటిష్ కొలంబియాలో అప్పట్లో పార్టీలకు పెద్ద మొత్తాలు ఎవరిచ్చేవారు? భూమి వ్యాపారం, గనులు, కలప, చమురు, గ్యాస్. ఇవన్నీ ఉన్నది ఎవరి అడవిలో, ఎవరి నది ఒడ్డున? 2017 జనవరిలో, ఎన్నికకు నాలుగు నెలల ముందు, ట్రాన్స్ మౌంటెన్ చమురు గొట్టం విస్తరణకు ప్రావిన్సు ప్రభుత్వం పర్యావరణ అనుమతి ఇచ్చింది. విరాళం వల్లే అనుమతి వచ్చిందని మేము చెప్పం. అలాంటివి రుజువు చేయడం కష్టం. మా లీడర్ పిల్లలాగా కళ్ళ నీళ్ళు పెట్టుకుని నిజం చెప్పే మంత్రి ఎక్కడుంటాడు? కానీ విందు టికెట్టు కొన్నవాళ్ళు ప్రీమియర్ పక్కన కూర్చున్నారు. ఆ గొట్టం చివర ఓడలెక్కించే చోటికి ఎదురు ఒడ్డున బతికే త్స్లేల్-వాటూత్ జాతివాళ్ళు కోర్టు మెట్లెక్కారు. 2018 ఆగస్టులో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఆదివాసులను సరిగా సంప్రదించలేదని కెనడా కేంద్ర ప్రభుత్వమిచ్చిన అనుమతిని కొట్టేసింది. మరుసటి ఏడు కేంద్రం మళ్ళీ అనుమతి ఇచ్చింది. 2024 నుంచి చమురు పారుతోంది.

ఎన్నిక తర్వాత జరిగింది వినండి. గ్రీన్ పార్టీ ముగ్గురూ ఎన్డీపీకి మద్దతిచ్చారు. అప్పటిదాకా విరాళాలకు హద్దు వద్దన్న క్లార్క్ ప్రభుత్వం జూన్ 22న సభలో చదివించిన ప్రసంగంలో కంపెనీల, యూనియన్ల విరాళాలు రద్దు చేస్తామని ఒక్కసారిగా మాటిచ్చింది. ఒక్క సీటు తక్కువైతే జ్ఞానం ఎంత త్వరగా వస్తుందో చూడండి. వారం తిరక్కుండా, జూన్ 29న, విశ్వాస పరీక్షలో 44-42 తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. జులై 18న ఎన్డీపీ నాయకుడు జాన్ హోర్గన్ ప్రీమియర్ అయ్యాడు. ఆ ఏడాది నవంబరులో చట్టం వచ్చింది. కంపెనీ, యూనియన్ ఇవ్వకూడదు. ఆ ప్రావిన్సులో నివసించే మనిషి మాత్రమే ఇవ్వాలి, ఏడాదికి 1,200 డాలర్లు మించకూడదు. అప్పటి లెక్కన 60 వేల రూపాయల చిల్లర. పార్టీలకు ఖజానా నుంచి ఓటుకింత అని ఇచ్చారు, దాని మీద విమర్శలూ వచ్చాయి.

ఇక్కడ ఒక చేదు సంగతి దాచితే మీకు అన్యాయం చేసినట్టు. చట్టం వచ్చిన మరుసటి నెలే, 2017 డిసెంబరులో, అదే కొత్త ప్రభుత్వం పీస్ నది మీద సైట్ సి ఆనకట్ట పని ఆపకుండా కొనసాగించాలని నిర్ణయించింది. వెస్ట్ మోబర్లీ, ప్రాఫెట్ రివర్ జాతులు ఆ ఆనకట్ట మీద ఏళ్ళ తరబడి పోరాడాయి. 83 కిలోమీటర్ల లోయ నీటి కింద పోయేది. 2024లో పోయింది. పోలవరం ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడున్నారు, మీకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. విరాళం ఆపితే ఆనకట్ట ఆగదు. తలుపు ముందు డబ్బు సంచీతో నిలబడ్డవాళ్ళను పక్కకు జరపొచ్చు, అంతవరకే. లోపలికి వెళ్ళాక మన మాట నెగ్గించుకోవడం వేరే పని. ఆ పనీ అక్కడివాళ్ళు మానలేదు. ఆదివాసీ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటనను 2019లో కెనడా మొత్తంలో మొదట చట్టంలోకి తెచ్చుకున్నది ఆ ప్రావిన్సే.

ఎన్నికలు మాత్రం ఇంకా అంత బిగువుగానే ఉన్నాయి. 2024 అక్టోబరులో 93 సీట్లలో ఎన్డీపీకి సరిగ్గా 47 వచ్చాయి. ఆఖరి సీటు సర్రే-గిల్డ్‌ఫర్డ్, తిరిగి లెక్కపెట్టాక 22 ఓట్ల తేడా.

మన దేశానికి వద్దాం. వాళ్ళు తలుపు మూసిన ఆ 2017లోనే మన దగ్గర తలుపు తెరిచారు. కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతం మించి పార్టీలకు ఇవ్వకూడదన్న హద్దు ఉండేది, దాన్ని తీసేశారు. మరుసటి ఏడు ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకు తెలియదు. అక్కడ హద్దు లేకపోయినా రిజిస్టర్ ఉండేది. ఇక్కడ రెండూ లేకుండా పోయాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ బాండ్లనూ, హద్దు తీసేసిన సవరణనూ కొట్టేసింది. మార్చిలో జాబితాలు బయటికొచ్చాయి. అయినా మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల హద్దు ఉందేగాని, పార్టీ పెట్టే ఖర్చుకు ఏ హద్దూ లేదు.

పోలింగ్ ముందు రాత్రి మన గడపకొచ్చే నోటు గురించి అందరూ మనకు బుద్ధి చెబుతారు. ఆదివాసులు సారాకు, 500కు ఓటు అమ్ముకుంటారని మన ముఖం మీదే అంటారు. తీసుకోవడం తప్పే, మేమూ అదే చెబుతాం. కానీ మన గడపకొచ్చిన 500కు మనకు సిగ్గు నేర్పినవాళ్ళు, పార్టీ ఆఫీసు గడప దాటే కోట్లకు ఎవరికీ సిగ్గు నేర్పలేదు. 1/70 చట్టం ఉండాలా పోవాలా, కొండ మీద క్వారీకి అనుమతివ్వాలా వద్దా అని తేల్చే బల్ల దగ్గర గట్టిగా మాట్లాడేది ఆ కోట్లే.

మొన్న మా పాత విద్యార్థి ఒకబ్బాయి రాత్రి పూట ఫోన్ చేశాడు. వాళ్ళ ఊరి కుర్రాళ్ళకు ఒక కంపెనీ వాలీబాల్ కిట్లు, జెర్సీలు ఇచ్చింది. పండక్కి షామియానా వేయించింది. ఇప్పుడు కొండ గురించి గ్రామసభ పెడుతున్నారు. "ఏం మాట్లాడాలో తెలియట్లేదు మేడం, ఒంటి మీద జెర్సీకి వాళ్ళ పేరే ఉంది" అన్నాడు. మాకు ఫుడ్ కమిటీ పిల్ల గుర్తొచ్చింది. ఏం చెప్పాలో మాకూ వెంటనే తోచలేదు. జెర్సీ విప్పి, నీ చొక్కా వేసుకుని వెళ్ళమన్నాం. వెళ్ళాడు. నలుగురు కుర్రాళ్ళు అలాగే మామూలు చొక్కాలతో వెళ్ళారట. ఆ రోజు సభ జరగలేదు, వాయిదా వేశారు. మళ్ళీ తేదీ ఇంకా చెప్పలేదు.

ఆఖరుగా ఒక పని. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్, పార్టీలు 20 వేల రూపాయలకు మించిన విరాళాల మీద ఏటా ఇచ్చే నివేదిక, రెండూ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉంటాయి. ఒంటరిగా చదవబోతే నిద్రొస్తుంది, మాకూ వచ్చింది. నలుగురు కలిసి చదివితే తెలిసిన కంపెనీ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాస్టల్ కంప్యూటర్ గది ఖాళీగానే ఉంటుంది. రాదలుచుకున్నవాళ్ళు శనివారంలోగా ఫోన్ చేయండి, నోటుబుక్కు తెచ్చుకోండి. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు పెడతాం. డబ్బులు మావే, రిజిస్టర్లో రాస్తాం.