విదేశములలో నాట్యవిద్య: ఒక తండ్రి సందేహములు

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాట్యమును గూర్చి మాటలాడవలెనని కార్యదర్శిగారు కోరినప్పుడు ఆశ్చర్యపడితిని. ఫైళ్ళపై నోట్సు వ్రాయుటయే తప్ప ఒక్క అడుగైనను వేయనేరని వాడను. మా యింటి సంగతి వారి చెవిని పడినదని తరువాత తెలిసినది. మా అమ్మాయి పదేండ్లు కూచిపూడి నేర్చి, ఇప్పుడు లండను పోయి ఆధునిక నృత్యము చదివెదనని పట్టుపట్టినది. "కూచిపూడి మన దగ్గరే ఉండగా, నాట్యానికి సీమకు పోవడమేమిటిరా?" అని ఊరినుండి మా అమ్మగారు ఫోనులో అడిగిరి. నాకు వెంటనే జవాబు తోచలేదు.

వెదకగా జవాబు ఈ ఢిల్లీలోనే దొరికినది. శంభు మహారాజ్‌గారి యొద్ద కథక్ అభ్యసించిన మాయారావుగారు 1960లో విద్యార్థివేతనముపై మాస్కో వెళ్ళి, లూనచార్‌స్కీ రంగస్థల కళాసంస్థలో రొస్తిస్లావ్ జఖారొవ్ కడ నృత్యరచన, అనగా కొరియోగ్రఫీ, చదివిరి. తిరిగివచ్చి 1964లో ఢిల్లీలో నాట్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కొరియోగ్రఫీని నెలకొల్పిరి. 1987లో అది బెంగుళూరునకు తరలిపోయినది. 1966లో ఆదిలాబాదు జిల్లానుండి ఢిల్లీ వచ్చిన రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు ఆ సంస్థలోనే నృత్యరచన నేర్చిరి. వారు 1976లో స్థాపించిన నాట్యతరంగిణి మీ అందరికిని తెలిసినదే. మన పిల్లలు ఈ నగరములో నేర్చుచున్న కూచిపూడిలో మాస్కో పాఠము కొంత కలిసియున్నదన్నమాట! అయినను మాయారావుగారు కథక్‌ను మరువలేదు, రెడ్డి దంపతులు కూచిపూడిని విడువలేదు.

అస్తాద్ దేబూగారి కథ మరింత విచిత్రము. కథక్ నేర్చిన ఆ పార్శీ యువకుడు 1969లో బొంబాయి రేవున ఓడ నెక్కి, దేశములు తిరిగి, లండనులో మార్తా గ్రాహం పద్ధతి నభ్యసించెను. 1977లో స్వదేశము చేరి చేసిన పని యేమందురు? కథకళి నేర్చుకొనుట.

ఆ గ్రాహం పద్ధతి సంగతి మా అమ్మాయియే నాకు బోధించినది. ఊపిరితోపాటు నడుము, పొట్ట ముడుచుకొని విచ్చుకొనవలెనట. నేలపై కూర్చుండి, పరుండి చేయు అభ్యాసములే యెక్కువ. కావలెనని నేలకు పడుటయు ఒక పాఠమే. "పడడం కూడా నేర్పుతారా?" అని అడిగితిని. "పడి లేవడం నాన్నా, అదే కష్టం" అన్నది.

ఇక నాకు తెలిసిన విద్యకు, అనగా నిబంధనలకు, వచ్చెదను. విదేశీయులకు రుసుము అచ్చటివారికంటె ఎంతో హెచ్చు. బ్రిటను వీసాకు కావలసిన సొమ్ము 28 దినములు ఎడతెగక బ్యాంకులో నిలిచియుండవలెను. డిగ్రీ విద్యార్థులు చదువు సాగు కాలమున వారమునకు 20 గంటలు పనిచేయవచ్చును గాని, కళాప్రదర్శన వృత్తిగా చేయరాదు. నాట్యము చదువబోయిన పిల్ల హోటలులో గిన్నెలు కడుగవచ్చును, డబ్బు పుచ్చుకొని నాట్యమాడరాదు! నిబంధనలు వ్రాయువారి వంశములోని వాడనైనను, దీనికి మాత్రము నవ్వవలెనో యేడ్వవలెనో తెలియలేదు. 2004 తరువాత ఉద్యోగమున చేరిన మావంటివారికి జి.పి.ఎఫ్. కూడ లేదు. కొత్త పింఛను పథకమున మనము కట్టిన దానిలో నాలుగవ వంతు పిల్లల పైచదువుకు తీయవచ్చును. అది విమానపు టిక్కెట్లకు, మొదటి కొద్ది నెలలకు సరిపోవునేమో. మిగిలినది అప్పు. కొడుకు ఇంజనీరింగు చదువబోయినచో ఈ అప్పునకు నేనింత ఆలోచించియుందునా అని మా శ్రీమతి అడిగినది. అడుగదగిన ప్రశ్నయే. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

ప్రవేశ పరీక్షకు ప్రయత్నింపుమని అమ్మాయితో చెప్పితిని. ఒంటరిగా చేసిన నృత్యమొకటి చిత్రించి పంపవలెనట. మొన్న ఆదివారము మా క్వార్టర్సు మేడమీద శ్రీమతి ఫోను పట్టుకొన్నది. పిల్ల గజ్జెలు విప్పి ప్రక్కన పెట్టి, పడుచు లేచుచు నాలుగు నిమిషములు ఆడినది. దానిని మా అమ్మగారికిని పంపితిమి. ఆమె రెండుసార్లు చూచిరట. సాయంత్రము ఫోనుచేసి, "పడేటప్పుడు మోకాళ్ళు జాగ్రత్తని చెప్పరా" అనిరి.