ఊరికి జవాబు చెప్పే చదువు
(యువజన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

 ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ఉట్నూర్ నుంచీ, కరీంనగర్ హాస్టళ్ల నుంచీ వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు స్వాగతం. కొందరు రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి నేరుగా ఇక్కడికే వచ్చారని తెలుసు. అందుకని ఎక్కువసేపు కూర్చోబెట్టం.

కాలేజీ విద్యార్థుల్లో నాయకత్వం గురించి మాట్లాడమన్నారు. నాయకుడు అనగానే మనకు మైకు, కండువా, ఫ్లెక్సీ మీద ఫోటో గుర్తొస్తాయి. కానీ మన దగ్గర నాయకులు తయారైన దారి వేరే ఉంది. ముందు అది చెప్పుకుందాం.

కుమ్రం భీము పేరు తెలియనివాళ్లు ఈ సభలో లేరు. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్ పోతాం, దండం పెడతాం. అయితే భీముకు చదువు ఎక్కడ అబ్బిందో ఎంతమంది ఆలోచించారు? పెద్దలు చెప్పేదేమంటే, ఊరు విడిచిపోయిన రోజుల్లో ఆయన చంద్రపూర్ వైపు విఠోబా అనే ఆయన నడిపే ప్రెస్సులో పనికి కుదిరాడు. పని చేస్తూనే అక్షరాలు నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడు. ఊరికి తిరిగొచ్చేసరికి కాగితం చదవడమూ తెలుసు, కూలి కష్టమూ తెలుసు. పని ఒకచోట, చదువు ఇంకోచోట కాలేదు ఆయనకు.

1940లో జోడేఘాట్‌లో ఆయనను చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయనా, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌గారూ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఒక మాట దాచకుండా చెప్పాలి. సర్కారుకు భయం పట్టాకే మనకు బడి వచ్చింది, ప్రేమ పుట్టి కాదు. అయినా వచ్చిన బడిని మన తాతలు ఎట్లా వాడుకున్నారన్నది ముఖ్యం.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి మనలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు గుప్పెడు మందే. పెద్ద చదువులు చదివినవాళ్లు వచ్చేదాకా ఆగుదాం అనుకోలేదు. ఆ గుప్పెడు మందినే కూర్చోబెట్టి దేవనాగరి లిపిలో రాసిన గోండి వాచకాలతో తయారు చేశారు. కొద్దిగా నేర్చుకోగానే ఊళ్లకు పంపారు. అంటే వాళ్లు సగం విద్యార్థులు, సగం పంతుళ్లు. ఇంకో సంగతి కూడా చూడండి. జీతం ఇచ్చారు. ఊరికే సేవ చేయమనలేదు.

పగలు పిల్లలకు అక్షరాలు చెప్పిన ఆ పంతులే ఊరికి దరఖాస్తు రాసేవాడు, తాసిల్ ఆఫీసు నుంచి వచ్చిన కాగితం చదివి వినిపించేవాడు. అక్కడ చదివినవాళ్లలో కొందరు పట్వారీలయ్యారు, కొందరు ఫారెస్టు గార్డులయ్యారు. మన మీద పెత్తనం చేసే ఆఫీసు బల్లకు అవతలి పక్కన మనవాడు కూర్చోవడం అదే మొదలు. భాష కలిసింది, అది చిన్న సంగతి కాదు. తర్వాత గోండి వాచకాలు పక్కకు పోయాయి. ఆ నష్టం ఇప్పటికీ మోస్తున్నాం.

బెట్టీగారు 1987లో, హైమన్‌డార్ఫ్ 1995లో పోయారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి. జనవరి 11న అక్కడికి వచ్చేవాళ్లు పూలు పెట్టి వెళ్లిపోకుండా, ఆ మొదటి పంతుళ్ల కుటుంబాల ముసలివాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. రాసుకోండి. వాళ్లు ఇంకెన్నాళ్లుంటారు?

ఇప్పుడు మన సంగతి. కరీంనగర్‌లో చదివే మన పిల్లలు పని చేయట్లేదా అంటే, చేస్తున్నారు. పెళ్లిళ్ల సీజనులో కేటరింగ్‌కు పోతారు. రాత్రి రెండింటిదాకా ప్లేట్లు మోసి, పొద్దున క్లాసులో కునుకు తీస్తారు. బట్టల షాపుల్లో, మొబైల్ షాపుల్లో నిలబడతారు. తప్పేం లేదు, కష్టం చేసిన అన్నమే. కానీ ఆ పని వాళ్ల చదువుకూ కలవదు, ఊరికీ కలవదు. మరోవైపు కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంది. 1969 నుంచి నడుస్తోంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. మంచి పథకమే. కొన్నిచోట్ల మాత్రం అది చీపురు పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెట్టడంతో అయిపోతోంది. నవ్వుతున్నారంటే మీరూ దిగారన్నమాట.

మేమూ ఏం తక్కువ తినలేదు. కొన్నేళ్ల కిందట ఎండాకాలం సెలవుల్లో మా సంఘం తరఫునే విద్యార్థులను ఒక గూడేనికి తీసుకుపోయాం. పోడు భూములకు అటవీ హక్కుల దరఖాస్తులు రాయించాం. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి 4 హెక్టార్ల వరకు హక్కు అడగొచ్చని వివరించాం. ఊరి పెద్దల వాంగ్మూలం రాసిపెడితే అది కూడా సాక్ష్యమేనని చెప్పి, ముసలివాళ్ల మాటలు రాసుకున్నాం. రెండు రోజులు బాగా జరిగింది. సాయంత్రం ధింసా ఆడి, భోజనం చేసి వచ్చేశాం.

తర్వాత ఎవరూ పోలేదు. కాలేజీలు తెరిచారు, పరీక్షలొచ్చాయి. డివిజన్ కమిటీ నుంచి కొందరికి కాదని కాగితం వచ్చింది. దాని మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ కాగితం ఒక అవ్వ ఇంట్లో గోడకున్న సంచిలో భద్రంగా ఉంది. చదివేవాళ్లు లేరు. మేం మళ్లీ దండారి రోజుల్లో పోయినప్పుడు ఆమె దాన్ని తీసి చేతికిచ్చింది. "మీ పిల్లలు రాసిన దానికి జవాబొచ్చింది, చూడు బిడ్డా" అంది. తారీఖు చూసేసరికి గడువు దాటి నెల అయింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రోజు నుంచి క్యాంపులు పెట్టడం మానేశాం. రెండు రోజుల సేవ వద్దు. ఒక విద్యార్థి, ఒక ఊరు, రెండేళ్లు. అదే మా పద్ధతి. ఆ ఊరికి ఒక రిజిస్టరు ఉంటుంది. ఎవరి దరఖాస్తు ఎక్కడుంది, ఎవరి పింఛను ఆగింది, ఏ కాగితానికి ఏ తారీఖు గడువు, అన్నీ అందులో రాయాలి. నెలకు ఒకసారి ఊరికి పోయి, ఊరందరి ముందు దాన్ని చదివి వినిపించాలి. గోండిలోనో, కొలామీలోనో, వాళ్ల భాషలోనే. అడిగినదానికి జవాబు చెప్పాలి. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలుసుకుని రావాలి.

దీనికి బస్సు కిరాయి, నెలకు కొంత డబ్బు సంఘం ఇస్తుంది. దీని మీద మాలో వాదన జరిగింది. సేవకు పైసలేంటని కొందరు పెద్దలు అన్నారు. మేం ఒప్పుకోలేదు. రాత్రి కేటరింగ్‌కు పోకపోతే మెస్ బిల్లు కట్టలేని పిల్లవాడిని ఆదివారం ఊరికే పని చేయమంటే, చివరికి సేవ అన్నది ఇంట్లో ఉన్నవాళ్ల పిల్లలకే మిగులుతుంది. మార్లవాయి పంతుళ్లకు జీతం ఇచ్చినప్పుడు మనమెందుకు ఇవ్వకూడదు?

చెల్లెళ్లకు ఒక మాట. మార్లవాయి కాలంలో చదువుకు వచ్చినవాళ్లు దాదాపు అందరూ మగపిల్లలే. ఇప్పుడు అట్లా లేదు. మీలో ఒక చెల్లె పోయిన ఏడాది తన పని మీద ఒక ఆస్పత్రికి పోయింది. అక్కడ ఒక గోండు బాలింత ఎక్కడ నొప్పో చెప్పలేక ఏడుస్తుంటే, పక్కన కూర్చుని గోండిలో అడిగి డాక్టరుకు తెలుగులో చెప్పింది. మగపిల్లవాడు అక్కడుంటే ఆ తల్లి నోరు విప్పేది కాదు. ఆ చెల్లె ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు పోతోంది. ఏ మందుకు గోండిలో ఏం చెప్పాలో నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఆ పుస్తకాన్ని వచ్చే ఏడాది మన గుంజాల లిపిలో కూడా రాయించాలని మా ఆశ. 2018లో యూనికోడ్‌లో చేరిన లిపి అది, ఫోన్లో టైపు చేసుకోవచ్చు. చేతులు మాత్రం మీవే కావాలి.

ఇప్పటికి మాకు కొన్ని ఊళ్లున్నాయి, విద్యార్థులు చాలరు. దండారికి మీరందరూ ఇళ్లకు వస్తారు కదా. గుసాడీలు కొలబోడి అయ్యాక మరుసటి వారం మీ దగ్గరి రాయ్‌సెంటర్‌లో కూర్చుంటాం. పేరు ఇచ్చేవాళ్లు ఒక్కరే రావద్దు. మీరు ఏ ఊరు తీసుకుంటారో ఆ ఊరి పటేల్‌ను వెంటబెట్టుకుని రండి. రిజిస్టరు మీకు ఆయన చేతుల మీదుగానే ఇస్తాం.

జై సేవా!