మామిడికాయలు కోసి ఆస్ట్రేలియా తిరిగొచ్చా: ఆ వీసా లెక్కలన్నీ ఓపెన్‌గా

ఈరోజు ఎపిసోడ్ నిజానికి వేరేది ప్లాన్ చేశాను. కానీ పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ నోట్ పంపాడు. బీటెక్ అయిపోయి ఏడాదైంది, జాబ్ లేదు. "అన్నా, ఆస్ట్రేలియాలో పని చేసుకుంటూ తిరిగే వీసా ఉందంట కదా, లాటరీలో పేరు వచ్చేలా మేం చూసుకుంటాం, రెండున్నర లక్షలు కట్టు అంటున్నారు. అమ్మ గాజులు తాకట్టు పెడదాం అంటోంది. కట్టమంటావా?" అని.

వద్దురా తమ్ముడూ. గాజులు బీరువాలోనే ఉండనివ్వు.

ఆ లాటరీలో పేరు వేసుకోవడానికి అయ్యే ఖర్చు 25 ఆస్ట్రేలియన్ డాలర్లు. నేను కట్టినప్పుడు సుమారు 1,400 రూపాయలు. కంప్యూటర్ ఊరికే పేర్లు తీస్తుంది, అంతే. దాంట్లో రికమండేషన్ ఉండదు, కోటా ఉండదు, "మా మనిషి లోపల ఉన్నాడు" అనేది అస్సలు ఉండదు. నాకెలా తెలుసంటే, నేను ఆ 1,400 కట్టి, వెళ్లి, పనిచేసి, తిరిగి, ఈ ఫిబ్రవరిలోనే వెనక్కొచ్చా.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో 4 ఏళ్లు కోడ్ రాశా. ట్రావెల్ అంటే పిచ్చి, కానీ మన జీతాలతో ఫారిన్ తిరగడం అంటే ఏడాదంతా దాచి వారం రోజుల ప్యాకేజీ కొనుక్కోవడమే. ఎనిమిది రోజుల్లో నాలుగు దేశాలు, బస్సు దిగు, ఫోటో దిగు, బస్సు ఎక్కు. ఆ టైపు నాకు పడలేదు.

ఇంతలో ఈ వీసా వచ్చింది. అసలు పేరు వర్క్ అండ్ హాలిడే, సబ్‌క్లాస్ 462. ఇండియా, ఆస్ట్రేలియా మధ్య 2022లో ఒక వాణిజ్య ఒప్పందం కుదిరింది, దాంట్లో భాగంగా మన పాస్‌పోర్ట్ వాళ్లకి ఏడాదికి 1,000 సీట్లు ఇచ్చారు. మొదటి లాటరీ 2024 అక్టోబర్‌లో. మొదటి రెండు వారాల్లోనే 40 వేల మంది అప్లై చేశారని అక్కడి మంత్రి చెప్పారు. అంటే 40 మందికి ఒక సీటు, అది కూడా ఇంకా సగం నెల మిగిలుండగా. కాబట్టి ముందే చెప్తున్నా, ఇది "ప్లాన్ ఏ" కాదు. ఉద్యోగం మానేసి లాటరీ వేయకండి, ఉద్యోగం చేస్తూ వేయండి. నేను సెలెక్ట్ అయిన మెయిల్ చూశాక కూడా వీసా చేతికి వచ్చేదాకా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

రూల్స్ చకచకా చెప్పేస్తా. వయసు 18 నుంచి 30 లోపు, 31 నిండకూడదు. ఇంటర్ తర్వాత కనీసం 2 ఏళ్లు చదివి ఉండాలి. ఐఈఎల్‌టీఎస్‌లో యావరేజ్ 4.5 వస్తే చాలు, అది మనవాళ్లకి పెద్ద కష్టం కాదు. అకౌంట్‌లో సుమారు 5,000 డాలర్లు, ప్లస్ టికెట్ డబ్బులు చూపించాలి. పేరు వచ్చాక 28 రోజుల్లో అసలు వీసాకి అప్లై చేయాలి, నాకు ఫీజు 650 డాలర్లు పడింది. ఈ ఫీజులు జూలైలో మారుతుంటాయి, ఆస్ట్రేలియా హోం అఫైర్స్ సైట్‌లో చూసుకోండి, యూట్యూబ్‌లో కాదు. నా వీడియో చూసి కూడా కాదు.

వీసా 12 నెలలు. ఒకే ఓనర్ దగ్గర మామూలుగా 6 నెలలకి మించి చేయకూడదు, వ్యవసాయం లాంటి కొన్నిటికి మినహాయింపులు ఉన్నాయి. అందరూ మర్చిపోయే విషయం ఏంటంటే, ఇది జాబ్ కాదు. జాబ్ చేసుకోవడానికి పర్మిషన్, అంతే. ఎయిర్‌పోర్ట్‌లో మీ పేరు బోర్డు పట్టుకుని ఎవరూ నిలబడరు.

నేను 2025 ఏప్రిల్‌లో బ్రిస్బేన్‌లో దిగా. నాన్నకి సగమే చెప్పా, "ఏడాది లీవు పెట్టి తిరిగొస్తా" అని. పని సంగతి చెప్పలేదు. మూడో వారానికి ఒక కేఫేలో గిన్నెలు తోమే పని దొరికింది. అక్కడ కనీస వేతనం చట్టం గట్టిగా ఉంటుంది. అప్పుడు గంటకి 24.10 డాలర్లు, జూలై నుంచి 24.95 అయింది. మనలాంటి క్యాజువల్ వర్కర్లకి లీవులు ఉండవు కాబట్టి దానిమీద ఇంకో 25 శాతం కలుపుతారు. అంటే గంటకి 30, 31 డాలర్లు. అప్పటి రేటులో 1,700 రూపాయల పైమాటే. ఇది విని ఎగిరి గంతేయకండి, ఆగండి. ఈ వీసా మీద మొదటి డాలర్ నుంచే 15 శాతం టాక్స్, 45 వేల డాలర్ల వరకు. బ్రిస్బేన్‌లో నలుగురు పడుకునే గదిలో బెడ్డుకే వారానికి 230 పోయేది. సిటీలో నేను మిగిల్చింది చాలా తక్కువ. బతికా, అంతే.

అందరూ ఏం చెప్పారంటే, ఫార్మ్ పనికి వెళ్లు, ఖర్చుండదు, మిగులుతుంది అని. వెళ్లా. ఇక్కడే నేను దెబ్బతిన్నా.

క్వీన్స్‌ల్యాండ్‌లో బండబర్గ్ వైపు, స్ట్రాబెర్రీ సీజన్. ఫేస్‌బుక్ గ్రూప్‌లో ఒక కాంట్రాక్టర్ పోస్ట్. ఉండటానికి చోటు కూడా ఆయనదే, వారానికి 210 డాలర్లు, రెండు వారాలది ముందే కట్టాలి. వెళ్లాక మొదటి నాలుగు రోజులు పని లేదు, "వర్షం పడింది, ఆగు" అన్నారు. తర్వాత పని వచ్చింది కానీ గంటకి కాదు, ట్రేకి ఇంత అని లెక్క. స్ట్రాబెర్రీ మొక్క మోకాలి ఎత్తు కూడా ఉండదు. పొద్దున్నుంచి వంగే ఉండాలి. కీబోర్డు ముందు కూర్చున్న నడుము అది, రెండో రోజుకే చచ్చిపోయింది. 11 రోజులు కోసా. బెడ్డు, వ్యాన్ ఛార్జి కట్ చేసుకుని చేతికి ఇచ్చింది 340 డాలర్లు. క్యాష్. పేస్లిప్ లేదు.

ఇప్పుడు సిగ్గుపడే విషయం చెప్తా. ఇది తప్పని నాకు అప్పటికే తెలుసు. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ రూల్ ఉంది, తోటల్లో ట్రే లెక్కన ఇచ్చినా సరే, పనిచేసిన గంటలకి కనీస వేతనం కన్నా తగ్గకూడదు. జీతం ఇచ్చిన ఒక్క పనిరోజులో పేస్లిప్ ఇవ్వాలి. అన్నీ చదువుకునే వెళ్లా. కానీ నోరు తెరవలేదు. "వీసా క్యాన్సిల్ చేయిస్తాడేమో" అని భయం. నాతో పాటు ఉన్న ఒక తైవాన్ అమ్మాయి ఫోన్‌లో తన నోట్స్ చూపించింది. ఏ రోజు ఎన్నింటికి మొదలెట్టింది, ఎన్నింటికి ఆపింది, ఎన్ని ట్రేలు, అన్నీ ఫోటోలతో. తను ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కి కంప్లైంట్ రాసింది. అది అక్కడ జీతాల గొడవలు చూసే ప్రభుత్వ ఆఫీసు, ఏ వీసా మీద ఉన్నా వెళ్లొచ్చు, పేరు చెప్పకుండా సమాచారం కూడా ఇవ్వొచ్చు. ఇంకో విషయం, ఓనర్ మన వీసా క్యాన్సిల్ చేయలేడు, ఆ పవర్ ఇమ్మిగ్రేషన్ వాళ్లకే ఉంది. నేను గంటలు రాసుకోలేదు. కాబట్టి అడగడానికి నా దగ్గర ఏం లేదు. బ్యాగ్ సర్దుకుని బస్సెక్కా. ఆ డబ్బు పోయింది.

ఆ రాత్రి బస్సులో తమ్ముళ్లూ, రిటర్న్ టికెట్ రేటు చూశా. నిజంగా.

తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. నేను నూజివీడు వాడిని. స్ట్రాబెర్రీ నాకెందుకు? ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్, క్యాథరిన్ చుట్టూ మామిడి తోటలు ఉన్నాయి. మనకి ఏప్రిల్, మే కదా, వాళ్లకి సీజన్ తిరగబడి సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. ఈసారి ఫేస్‌బుక్ కాదు, తోటవాళ్లకే నేరుగా మెయిల్ పెట్టా. సబ్జెక్ట్‌లో ఒకటే లైన్: మా ఇంట్లో మామిడి తోట ఉంది, చిన్నప్పటి నుంచి కోస్తున్నా. రెండ్రోజుల్లో ఫోన్ వచ్చింది. నా బీటెక్ డిగ్రీ కన్నా మా తాత తోటే ఎక్కువ పనికొచ్చింది.

అక్కడి కోత వేరే లెవెల్. మన దగ్గర చిక్కం కర్రతో కోసి, తొడిమ విరిచి, సొన కారడానికి బోర్లా పెడతాం కదా. అక్కడ చెట్ల వరసల మధ్య ఒక బండి మెల్లగా కదులుతుంటుంది, దానిమీద సబ్బునీళ్లలాంటి ద్రావణం కారుతూ ఉంటుంది. కాయ తెంపి అందులో వేస్తే సొన తొక్కకి అంటకుండా కడుక్కుపోతుంది. సొన పడితే కాయ మీద మచ్చ, మచ్చ పడితే రేటు పడిపోతుంది. కాయకైతే స్నానం ఉంది, మనకి లేదు. ఒంటికి తగిలితే బొబ్బలే. జర్మనీ కుర్రాడొకడు షార్ట్స్‌లో వచ్చాడు, మూడో రోజుకి మొహం వాచిపోయి గుర్తుపట్టలేదు. నేను ఫుల్ చేతుల చొక్కా, మెడకి తువ్వాలు చుట్టుకుని వెళ్లేవాడిని, అచ్చం మా నాన్నలా. వానలకి ముందు అక్కడ ఉక్కపోత ఎలా ఉంటుందంటే, మన విజయవాడ మే నెల నయం.

లెక్క చెప్తా. 9 వారాలు, వారానికి సుమారు 50 గంటలు, గంటకి 31. మొత్తం 13,950 డాలర్లు. 15 శాతం టాక్స్ పోతే 11,850 చిల్లర. క్యాంపులో గది, తిండి వారానికి 250 లెక్కన 2,250. మిగిలింది 9,600. మన డబ్బులో సుమారు ఐదున్నర లక్షలు. దాంట్లో 7,000 పెట్టి పది వారాలు తిరిగా. డార్విన్ నుంచి అడిలైడ్ దాకా స్టువర్ట్ హైవే మీద, 3,000 కిలోమీటర్ల రోడ్డు, నలుగురం ఒక పాత వ్యాన్‌లో పెట్రోల్ పంచుకుని. దారిలో ఉలూరు. ఎండకి తట్టుకోలేక జనం భూమి లోపల ఇళ్లు తవ్వుకుని ఉండే కూబర్ పీడీ. తర్వాత మెల్బోర్న్, టాస్మానియా.

వాళ్లు కట్టే సూపర్ అని ఒకటి ఉంటుంది, మన పీఎఫ్ లాంటిది. జీతం మీద 12 శాతం ఓనర్ వేస్తాడు. దేశం వదిలాక అడిగితే ఇస్తారు, కానీ ఈ వీసా వాళ్లకి 65 శాతం టాక్స్ కోస్తారు. వందకి 35 వస్తుంది. నా ఉద్దేశంలో అది అన్యాయమే, అయినా ఆ 35 వదలకండి. ఇంకోటి, మనకి అక్కడి మెడికేర్ వర్తించదు. ఇన్సూరెన్స్ లేకుండా తోటలోకి దిగొద్దు.

టూరిస్ట్ వీసా మీద వెళ్లి పని చేసుకోవచ్చా అని అడిగేవాళ్లకి, కుదరదు. యూకే వాళ్లది ఇలాంటిదే ఒకటుంది, ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్, ఏడాదికి 3,000 మందికి, 2 ఏళ్లు, డిగ్రీ ఉండాలి. లాటరీ ఫ్రీ, కానీ వీసా ఖర్చు బాగానే ఉంటుంది. అది ఇంకో రోజు మాట్లాడదాం. ఇంటికి అప్పులు తీర్చాలి, నెలనెలా డబ్బు పంపాలి అనుకునే పరిస్థితి ఉంటే మాత్రం ఈ వీసాకి వెళ్లకండి. సీజన్ మధ్యలో రెండు వారాలు ఖాళీగా ఉంటే ఇక్కడ ఈఎంఐ ఆగదు. నేను తట్టుకున్నది నాకు అప్పు లేదు కాబట్టే.

ఇంక నాన్న. క్యాథరిన్ నుంచి ఒక ఆదివారం వీడియో కాల్‌లో చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు. "బీటెక్ చదివించింది మామిడికాయలు కొయ్యడానికా రా" అన్నారు. గంటకి ఎంతో చెప్పా. మా తోటలో కోతకి వచ్చేవాళ్లకి అది దాదాపు రెండ్రోజుల కూలి. మళ్లీ మౌనం. తర్వాత అడిగింది నా గురించి కాదు. "అక్కడ మధ్యాహ్నం ఎండలో కూడా కోయిస్తారా? నీళ్లెవరు ఇస్తారు?" అని అడిగారు. తెల్లారుజామునే మొదలెట్టి ఎండ ముదిరేలోపు ఆపేస్తారు, నీళ్ల డబ్బా బండి మీదే ఉంటుంది అని చెప్పా.

నేను ఫిబ్రవరిలో వచ్చేసరికి మా తోటలో పూత అయిపోయి పిందె కడుతోంది. ఈసారి కోత తెల్లవారి ఐదింటికే మొదలుపెడదాం, పదకొండుకి ఆపేద్దాం అంటున్నారు నాన్న. ఆ కోత నేను షూట్ చేస్తా. అంతకన్నా ముందు, వచ్చే ఆదివారం స్టువర్ట్ హైవే ఎపిసోడ్. వ్యాన్ మధ్యలో ఎక్కడ ఆగిపోయిందో అందులో చూద్దురుగాని. తమ్ముడూ, నువ్వు ఇది చదువుతుంటే, కట్టావా లేదా అని ఒక్క మెసేజ్ పెట్టు. వాయిస్ నోట్ అయినా పర్లేదు.