ఎన్నికలప్పుడు సంఘం అక్క పనేమిటి?



ఎన్నికలు రాగానే మన తాండూరు వైపు ఊళ్లలో ఒక చిత్రం చూస్తాం. అయిదేళ్లు గుర్తుకు రాని సంఘం అక్క అందరికీ గుర్తుకొస్తుంది. "అమ్మా, నీ మాట నలుగురు వింటారు. మా జెండా పట్టుకో" అంటారు. ఎందుకు వింటారు నలుగురు? ఆమె కాన్పుకు తోడు పోయింది. పింఛను కాగితం రాసిపెట్టింది. నాపరాతి గనికి పోయే పిల్లను బడిలో చేర్పించింది.

సంఘం అక్కకు రాజకీయం వద్దని నేను అనను. ఆమెకూ ఓటుంది. కావాలంటే తానే నిలబడవచ్చు. తెలంగాణ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. కానీ సంఘాన్ని మాత్రం ఏ పార్టీకీ కట్టేయకూడదు. 1990ల్లో మన పాత రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు పిల్లలను పని మానిపించి బడికి పంపారు. అలాంటి పనికి సర్పంచి కావాలి. ఓడినవాళ్లూ కావాలి. పిల్లను జీతానికి పెట్టుకున్న ఆసామి కూడా కావాలి. ఒకరి జెండా పడితే ఇంకొకరి తలుపు మూసుకుంటుంది.

మరి మన పనేమిటి? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను చూడండి. 1991లో అక్షరాస్యత కార్యకర్తలు ఆ జిల్లాలో రాత్రి బడులు పెట్టారు. పగలంతా కూలి చేసి, రాత్రి వచ్చి చదువుకున్నారు. చదువుతూ సారా గురించి మాట్లాడుకున్నారు. (కూలి డబ్బు ఎటు పోతుందో మీకు చెప్పాలా!) వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. ఆ కబురు ఊరూరా పాకింది. 1992లో ఆడవాళ్లు సారా వేలంపాటలకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1994 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు అసలు మద్యమే లేకుండా చేస్తానన్నారు. గెలిచారు. 1995 జనవరి 16 నుంచి మద్యనిషేధం వచ్చింది. ఆడవాళ్ల మాటను పార్టీలే మోయాల్సి వచ్చింది.

అయితే 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. సారా మీద మాత్రం ఉంచారు. అంటే ఓటు పడ్డాక కూడా ఆ మాటకు కాపలా కావాలి. గెలిచినవాళ్ల మనిషి అయిపోయిన అక్క ఆ మాట ఎట్లా అడుగుతుంది?

అందుకే ఓట్లడగ వచ్చిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టండి. బోరింగు గురించి, బడి గురించి అడగండి. ఎవరు, ఏ రోజు, ఏమన్నారో నోటుబుక్కులో రాయండి. రాయడం వచ్చింది కదా!

ఇంకొకటి. ఓటు రోజున అభ్యర్థి మనుషులు ఆటో పెట్టి ఓటర్లను తీసుకుపోవడం తప్పు. 1951 నాటి చట్టంలోనే ఉంది. ముందు సీటు మీకే అంటారు. మనం నడిచే పోదాం.