నీళ్ల ట్యాంకులో కలిపే పొడి

వానలు పడుతున్నాయి. దగ్గులు, జ్వరాలు మనుషులతో పాటు షెడ్లలో కోళ్లకూ వస్తున్నాయి. ఈసారి శ్రోతల ఉత్తరాల్లో ఎక్కువమంది రాసింది ఒకటే: "ఫలానా మందు చాలాసార్లు వాడాను, ఒళ్లు అలవాటు పడిపోయింది, ఇక పనిచేయడం లేదు."

యాంటీబయాటిక్ మందుకు అలవాటు పడేది మీ ఒళ్లు కాదమ్మా, క్రిమి. మందు పడగానే చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. అది మీ కడుపులో జరిగినా, కోడి కడుపులో జరిగినా ఒకటే.

గోదావరి జిల్లాల నుంచి ఒక ఇల్లాలు మా ఆస్పత్రికి వచ్చింది. మూత్రంలో మంట, చలిజ్వరం. ఈమధ్య ఏ యాంటీబయాటిక్ బిళ్లా మింగలేదని భర్త గట్టిగా చెప్పాడు. కల్చర్ పరీక్షలో చూస్తే, నోటితో వేసుకునే మందు ఒక్కటీ ఆ క్రిమి మీద పనిచేయదని తేలింది. ఆస్పత్రిలో ఉంచి సూదిమందులు ఇవ్వాల్సి వచ్చింది. మాటల్లో తెలిసిందేమిటంటే, ఇంటి వెనకే బ్రాయిలర్ షెడ్డు. కోడిపిల్లలు దిగిన రోజు నుంచీ నీళ్ల ట్యాంకులో పొడి కలిపేది ఆవిడే. జబ్బేమైనా వచ్చిందా అంటే, "రాకుండానే కలుపుతామండీ, బరువు కూడా బాగా వస్తాయి" అంది. డబ్బా తెప్పించి చూశాను. ఎన్రోఫ్లాక్సాసిన్. మనం వాడే సిప్రోఫ్లాక్సాసిన్‌కు తోబుట్టువు లాంటిది. ఆమెకు వచ్చిన క్రిమి ఆ షెడ్డుదేనని ఒక్క పరీక్షతో తేల్చలేం. కానీ రోజూ ఆ పెంట ఎత్తిన చేతులు ఆవిడవే. ఇందులో ఆమె ఒంటికి అలవాటైన మందేదండీ?

జబ్బు చేసిన కోడికి పశువైద్యుడు చెప్పిన మందు వేయండి, వద్దనను. జబ్బు లేని వేల కోళ్లకు రోజూ పోయడమే నా బాధ. కొలిస్టిన్ అనే మందుంది. ఐసీయూలో మిగతావి పనిచేయనప్పుడు మేము తీసే ఆఖరి మందుల్లో అదొకటి. దాన్నీ కోళ్ల మేతలో కలిపేవారు. దాన్ని తట్టుకునే గుణం ఒక క్రిమి నుంచి మరో జాతి క్రిమికి పాకుతోందని 2015లో చైనాలో బయటపడింది. పందుల్లో, మాంసంలో, రోగుల్లో కూడా కనబడింది. మన ప్రభుత్వం 2019 జూలైలో పశువులకు, కోళ్లకు, చేపల, రొయ్యల చెరువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. బరువు కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ దేశాలు 2006లోనే పూర్తిగా ఆపేశాయి. అక్కడ కోళ్ల పెంపకం ఆగిపోలేదు.

"మేం శాకాహారులం, మాకెందుకు భయం?" అని ఒకరు రాశారు. కోళ్ల ఎరువు చల్లిన మడిలో కొత్తిమీర మీరూ కొంటారు కదా! శుభ్రంగా కడగండి. తినేవాళ్లకు ఇంకో మాట. బాగా ఉడికితే క్రిమి చస్తుంది, నిజమే. కానీ కోడిమాంసం కోసిన కత్తిపీట మీదే పచ్చి ఉల్లిపాయ తరుగుతున్నారు. ఆ పీటను ముందు సబ్బుతో కడగండి, చేతులూ కడుక్కోండి.

పాడి ఉన్నవాళ్లూ వినండి. పొదుగువాపుకు గేదెకు సూది వేయించినప్పుడు ఎన్నిరోజులు పాలు అమ్మకూడదో డాక్టరును అడగండి. అన్ని రోజులూ ఆ పాలు పారబోయండి. వృథా అవుతున్నాయని దూడకు మాత్రం పట్టకండి.