కంకర: కొండనుండి ఇంటికి, ఇంటినుండి మరల ఇంటికి

(తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సభలో చదివిన ప్రసంగపాఠము)



ఇల్లు కట్టువాడు సిమెంటు బస్తాలను లెక్కపెట్టును. ఇనుమును తూచి తీసికొనును. కంకరను మాత్రము లారీ లెక్కన కొని ఊరకుండును. ఐనను కాంక్రీటు ఘనపరిమాణములో నాలుగింట మూడువంతులకు దగ్గరగా నుండునవి కంకరయు, ఇసుకయునే. సిమెంటు వానిని అతికి పట్టి యుంచును. అట్టి కంకర ఎచటినుండి వచ్చుచున్నది? పని తీరిన పిమ్మట ఎచటికి పోవుచున్నది? ఈ రెండు ప్రశ్నలును ప్రేమ్ బజార్ వంటి చోట ఇల్లు కట్టుకొను ప్రతి గృహస్థుడును ఆలోచింపదగినవి.

ఖరగపూరు నేల ఎర్రనేల. పలుగు వేసినచో మొదట మొరము, దాని క్రింద తేనెపట్టువలె రంధ్రములు గల ఎర్రరాయి కనబడును. దీనికి లాటరైటు అను పేరు పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. దక్షిణ దేశయాత్రను గూర్చి 1807లో ప్రకటించిన గ్రంథమున, మలబారులో తాను చూచిన ఈ రాతికి ఇటుక అను అర్థము గల లాటిను మాటనుండి అతడు ఈ పేరు కల్పించెను. భూమిలో నున్నంతవరకు ఇది కోతకు లొంగును. గాలికి ఆరినపిదప గట్టిపడును. ఈ జిల్లాలోనే కేశియాడి చెంతనున్న కురుంబేరా కోట ఈ రాతితో కట్టినదే. గోడకు ఈ రాయి చాలును. బాటకు మొరము చాలును. కాని పైకప్పు కాంక్రీటునకు ఇది చాలదు. నీటిని పీల్చును, ఒత్తిడికి నలుగును. కావున కాళ్ళక్రింద ఇంత రాయి యుండియు, ఖరగపూరు వాసి కంకరకై దూరదేశమువంక చూడవలసి వచ్చుచున్నది.

ఆ దూరదేశము ముఖ్యముగా రాజమహల్ కొండల ప్రాంతము. ఝార్ఖండులోని పాకుడ్, బీర్‌భూమ్ జిల్లాలోని రామ్‌పుర్‌హాట్, నల్‌హాటి ప్రాంతముల నల్లరాయి వంగదేశపు కట్టడములలో విరివిగా వాడబడుచున్నది. సుమారు 11, 12 కోట్ల సంవత్సరముల క్రిందట పొరలు పొరలుగా పారి చల్లారిన లావాయే ఆ రాయి. వంగదేశపు మైదానము ఒండ్రుమట్టి దేశమగుటచే రాతిని బయటినుండి తెచ్చుకొనుట దానికి పాత అలవాటు. కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధిపై నున్న రాతిపలకను 1893లో హాలండ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పరీక్షించి, అది మద్రాసు చెంతనున్న పల్లవరపు కొండల జాతి రాయియని గుర్తించి, దానికి చార్నొకైటు అని పేరుపెట్టెను. ఆ జాతి రాయి విశాఖ, శ్రీకాకుళము మన్యపు కొండలలోను గలదు. ఇట్లు వంగదేశపు సమాధి వలన తెలుగుకొండల రాతికి ఒక పేరు వచ్చినది!

రాయి అందనిచోట వంగదేశీయులు ఇటుకను పగులగొట్టి కంకరగా వాడిరి. దానినే వారు ఖోవా అందురు. ఇటుకపొడిని సుర్కీ యను పేర సున్నముతో కలిపి గార చేసిరి. అనగా, ఒకసారి ఇటుకయైన దానిని మరల వేరొక పనికి నియోగించుట ఈ దేశమునకు క్రొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీలోని నగరములు తమ శిథిలములనుండియే ఇటుకలను, కంకరను ఏరుకొని తిరిగి కట్టుకొనినవి.

రైల్వే ఊరిలో నివసించువారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణము కలదు. పట్టాల క్రింద పరచిన రాయి చాలవరకు 20 మొదలు 65 మిల్లీమీటర్ల పరిమాణము గలది. అది రైలు బరువును నేలకు పంచును. వాననీటిని నిలువనీయక పంపివేయును. ఏండ్లు గడచినకొలది బండ్ల అదురుకు రాయి అంచులు అరిగి పొడియగును, మట్టి చేరును, నీటిదారి మూసికొనును. అప్పుడు ఆ రాతినంతయు త్రవ్వి జల్లించి, పొడిని పారవేసి, మంచి రాతిని మరల అక్కడనే పరచి, తగ్గినంతమేరకు మాత్రమే క్రొత్తరాయి పోయుదురు. పూర్వము ఈ పనిని గ్యాంగుమనుష్యులు పలుగులతోను, ముళ్ళపారలతోను చేసిరి. పిమ్మట యంత్రములు వచ్చినవి. అట్లు ఎండలో రాతిని జల్లించిన చేతులలో తెలుగువారి చేతులును ఎన్నియో గలవు. రాతిని పారవేయక మరల వాడు విద్యను ఖరగపూరు తెలుగువారికి వేరొకరు నేర్పనక్కరలేదు.

మరల వాడుట ఎందులకు? కొండ ఒకసారి కరిగినచో మరల పెరుగదు కనుక. అంతకు మించి, కంకర మిల్లులలో మనుష్యులు పనిచేయుచున్నారు కనుక. స్ఫటికశిల కలిసిన సన్నని రాతిధూళి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. అది వచ్చినపిదప నయము కాదు. రాతిని తడిపి కొట్టుట, మిల్లుకు మూతలు వేయుట, ధూళిని లాగివేయు సాధనములు నిలుపుట మాత్రమే రక్ష. చౌకగా వచ్చిన లారీ కంకర వెలలో ఆ రక్షణల ఖర్చు చేరియున్నదా లేదా యని కొనువాడు అడుగడు. ఆ ఖర్చు మిగిల్చినచోట దానిని కూలివాని శ్వాస చెల్లించుచున్నది.

ఐనను పాతకంకరను కన్నులు మూసికొని వాడుటయు తప్పే. కూల్చిన కాంక్రీటును పగులగొట్టినప్పుడు రాతికి పాతసిమెంటు అంటుకొని యుండును. అది నీటిని హెచ్చుగా పీల్చును. కలుపులో నీటిలెక్క తప్పించును. బలమును కొంత తగ్గించును. అందుచేతనే భారతప్రమాణము ఐ.ఎస్. 383 తన 2016 నాటి సవరణలో దీనికి అనుమతి నిచ్చుచునే హద్దులు గీచినది. కాంక్రీటునుండి తీసిన పెద్దకంకరను ఇనుము లేని కాంక్రీటులో 25 శాతము వరకు, ఇనుముగల కాంక్రీటులో ఎం 25 తరగతి వరకు మాత్రమే 20 శాతము మించకుండ, ఎం 15కు లోబడిన పలుచని కాంక్రీటులో పూర్తిగాను వాడవచ్చును. అదే సంవత్సరము శిథిలముల నిర్వహణకు కేంద్రప్రభుత్వము నియమావళిని ప్రకటించెను. ఢిల్లీలోని బురాడిలో 2009లోను, హైదరాబాదులోని జీడిమెట్లలో 2020లోను శిథిలములను కంకరగా మార్చు కర్మాగారములు వెలసినవి.

ఇక ప్రేమ్ బజార్ గృహస్థుని సంగతి. పదవీవిరమణపు సొమ్ముతో పాతగోడ పడగొట్టి క్రొత్త గది వేయువాని వాకిట రాబిషు గుట్ట లేచును. దానిని రాత్రివేళ చెరువు గట్టునకు తోలించినచో వానకాలమున వీథియంతయు దాని ఫలము ననుభవించును. అట్లు చేయక, కూల్చునప్పుడే ఇటుకను, కాంక్రీటును, కొయ్యను, ఇనుమును వేరుచేయవలెను. నిండు ఇటుకలను ఏరి ప్రహరీకి వాడవచ్చును. ఇటుకముక్కలతో నేలను నింపి దిమ్మిస చేయించవచ్చును. పెరటి బాటకు పరచవచ్చును. కాంక్రీటు ముక్కలను కొట్టించి జల్లించి, ముందుగా తడిపి, పునాది క్రింది పలుచని బెడ్డుకు వాడవచ్చును. స్తంభమునకు, దూలమునకు, పైకప్పునకు మాత్రము పరీక్షించిన కంకరయే వలయును. అచట మేస్త్రీ మాట చాలదు. ఇంజనీరింగు విద్యకు 1951లో హిజ్లీలో వెలసిన గొప్ప సంస్థ గోడ ప్రక్కనే యున్నవారు పరీక్ష యను మాటకు జంకరాదు.

పొదుపు మంచిదే, పరీక్ష లేని పొదుపు మంచిది కాదు. కొండను త్రవ్వి, లారీలపై తెచ్చి, ఒకరి ఊపిరి ఖర్చుచేసి పగులగొట్టిన రాయి ఒక్క గోడతో తన పని ముగించి చెరువులో పడరాదు. ఏ రాయి ఏ పనికి తగునో తెలిసి మరల నిలుపుటయే గృహస్థునకు లాభము, వీథికి క్షేమము, రాయి కొట్టినవానికి మర్యాద.