సహోద్యోగి ధర్మము



నేడు మన యువతీయువకులు పెక్కుమంది కార్యాలయములందును, కర్మాగారములందును, దూరదేశములందును ఉద్యోగములు చేయుచున్నారు. వారు చేయు పని పదిమందితో కలసి చేయవలసినది. అట్టి పనికి విద్య యొక్కటియే చాలదు; సహోద్యోగి ధర్మము తెలియవలెను. దీనికి మన వాఙ్మయచరిత్రమందే చక్కని దృష్టాంతము కలదు.

ఆంధ్ర మహాభారతము 11, 13, 14 శతాబ్దములకు చెందిన మువ్వురు కవులచే పూర్తియైనది. నన్నయభట్టు తనకు నారాయణభట్టు చేసిన సాహాయ్యమును, యుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణుడు చేసిన సాహాయ్యముతో పోల్చి గ్రంథాదియందే చెప్పెను. తోడ్పడినవాని పేరు దాచకుండుట మొదటి ధర్మము. అరణ్యపర్వము నడుమ నన్నయ రచన నిలిచిపోయెను. తిక్కన విరాటపర్వము మొదలు 15 పర్వములు నిర్వహించెను. నడుమ మిగిలిన భాగము ఎఱ్ఱనకు వచ్చెను. హరివంశము రచించిన ఆ మహాకవి, నన్నయ అంకితమిచ్చిన రాజరాజనరేంద్రునకే తన భాగమును గూడ అంకితము చేసెను. ఆయన రచన నన్నయ ఫక్కితో మొదలై, పోనుపోను తిక్కన ఫక్కికి చేరువయ్యెనని విమర్శకులందురు. ముందువాని చేతినుండి పని నందుకొని, వెనుకవాని చేతికి అతుకు తెలియకుండ అందించుట రెండవ ధర్మము.

అయితే వినయమనగా మౌనము గాదు. 1979 ఆగస్టు 10వ తేదీని శ్రీహరికోటనుండి ఎగసిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు, రెండవ దశయందలి నియంత్రణ వ్యవస్థలోని దోషముచే బంగాళాఖాతమున కూలినది. ఒక భాగము చెడిన, తక్కిన భాగము లెంత చక్కగా నున్నను వ్యర్థమే. కావున లోపమును కనుగొన్నవాడు పిన్నయైనను తత్‌క్షణమే చెప్పవలెను. అట్లు చెప్పుటకు ధైర్యమిచ్చుట పెద్దల పని. నాడు సంస్థాధ్యక్షులైన సతీశ్ ధావన్ గారు ఆ వైఫల్యభారమును పత్రికలవారి యెదుట తామే వహించిరనియు, 1980 జూలై 18వ తేదీని రోహిణి కక్ష్యను చేరినపుడు మాటలాడు గౌరవమును తమకు విడిచిరనియు, ఆ కార్యమునకు నాయకులైన అబ్దుల్ కలాము గారే పలుమాఱులు చెప్పిరి. నింద పైబడునను భయమున్నచోట లోపములు దాగును; దాగిన లోపము పదిమంది శ్రమను ముంచును.

యువకులారా! నిర్ణయమునకు ముందు నిర్భయముగా వాదింపుడు. నిర్ణయమైన పిదప ఏకముఖముగా పనిచేయుడు. తెలిసినదానిని తోడివారికి దాచకుడు. తెలియనిదానిని అడుగుటకు సిగ్గుపడకుడు. పని నిలిచినచో పేరు తానే నిలుచును.

మన సంఘకార్యములందును ఈ ధర్మమే వర్తించుగాక!